పాత ఆఫీసు సీపీయూలో నాలుగు రౌటర్లు: ఇంట్లోనే నెట్‌వర్కింగ్ ల్యాబ్ పెట్టుకోవడం ఎలా

విజయనగరంలో ఉండి నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, అమీర్‌పేట వెళ్ళి కోచింగ్‌లో చేరాలా, ఇక్కడే ఏదైనా దారి ఉందా అని. కోచింగ్ వద్దని చెప్పను గానీ, ఎక్కడ చేరినా ల్యాబ్ మీ చేతికి దొరికేది కాసేపే. ఇంట్లో ఒక మూల మీ సొంత ల్యాబ్ ఉంటే రాత్రి పదకొండింటికి కూడా రౌటర్‌ని చెడగొట్టి, మళ్ళీ బాగుచేసుకుని పడుకోవచ్చు. ఈ పని అలా చెడగొట్టి బాగుచేస్తేనే వస్తుంది. అందుకోసం నాలుగు రౌటర్లు కొనక్కర్లేదు, ఏదో ఆఫీసులో వాడి తీసేసిన పాత సీపీయూ ఒకటి చాలు, రౌటర్లు నాలుగూ అందులోనే వర్చువల్ మెషిన్లుగా, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారయ్యే కంప్యూటర్లుగా నడుస్తాయి. నేను చేసిన పద్ధతే వరసగా చెప్తాను, మీరూ చేసేయండి.

ముందు బాక్స్ సంగతి

డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్, ఈ మూడు రకాల్లో ఏది దొరికినా తీసుకోండి. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ పనికి సరిపోతుంది. నాలుగో తరం కూడా నడుస్తుంది గానీ అందులో ఉండేది పాత డీడీఆర్3 ర్యామ్, రేపు పెంచుకోవాలంటే మళ్ళీ సెకండ్ హ్యాండ్ వెతుక్కోవాలి. నాకు తొమ్మిదిన్నర వేలు పడింది. మన దగ్గర దొరక్కపోతే విశాఖలో చూడండి, హైదరాబాద్ వెళ్ళే పని ఉంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ బిల్డింగ్ ఉండనే ఉంది.

షాపులో డబ్బులిచ్చే ముందు నాలుగు విషయాలు చూడండి, మొహమాటపడొద్దు. ఒకటి, ఆన్ చేయించి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల పేజీలోకి వెళ్ళండి (డెల్‌కి ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, లెనోవోకి ఎఫ్1). పాస్‌వర్డ్ అడిగిందంటే పాత ఆఫీసు వాళ్ళు పెట్టిన లాక్ ఇంకా తీయలేదన్నమాట, అది తీసి ఇస్తేనే కొనండి. రెండు, అదే బయోస్‌లో వర్చువలైజేషన్ టెక్నాలజీ అనే ఆప్షన్ ఉందా, ఆన్ అవుతుందా చూడండి, అది లేకపోతే ఈ పనికి ఆ మెషిన్ దండగ. మూడు, టైమ్, తేదీ చూడండి, ఎప్పటిదో సంవత్సరం చూపిస్తే లోపలి సెల్ అయిపోయింది. సీఆర్2032 అనే బిళ్ళ సెల్, ఎక్కడైనా దొరుకుతుంది, కానీ ఆ వంక చెప్పి కొంచెం రేటు తగ్గించుకోవచ్చు. నాలుగోది చాలామంది మర్చిపోతారు: ఈ ఆఫీసు మెషిన్లలో చాలావాటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లే పోర్టో వీజీఏనో ఉంటుంది. ఇంట్లో టీవీకి పెట్టి ఇన్‌స్టాల్ చేద్దామనుకుంటే కన్వర్టర్ కూడా అక్కడే కొనేయండి, మానిటర్‌తో పని మొదటి రోజు ఒక్కటే.

ఇంటికి తెచ్చాక మూత తీసి దుమ్ము దులపండి. సముద్రం గాలి తగిలే ఊళ్ళల్లో వాడిన మెషిన్ అయితే ర్యామ్ తీసి, ఆ బంగారు రంగు పళ్ళ మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపేసి మళ్ళీ పెట్టండి. మధ్యమధ్యలో దానంతట అదే రీస్టార్ట్ అయ్యే మెషిన్లు ఈ ఒక్క పనికే దారికొచ్చిన సందర్భాలు చూశాను.

కరెంటు గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఇన్వర్టర్ ఉంటే దాని మీద యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉందేమో చూసి దాంట్లోకి మార్చండి, లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలోనే మెషిన్ ఆరిపోతుంది. బయోస్‌లో ఏసీ రికవరీ (కొన్నిట్లో ఆఫ్టర్ పవర్ లాస్ అని ఉంటుంది) ఆన్‌కి పెట్టండి, కరెంటు రాగానే తనే లేస్తుంది. తుపాను హెచ్చరిక వస్తే మాత్రం షట్‌డౌన్ చేసి ప్లగ్గు, ల్యాన్ వైరు రెండూ పీకేయండి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళకి కరెంటు రోజుల తరబడి రాలేదు, అలాంటప్పుడు ఏ ఇన్వర్టరూ ఆదుకోలేదు.

ప్రాక్స్‌మాక్స్ ఎక్కించడం

ప్రాక్స్‌మాక్స్ వీఈ అనేది డెబియన్ మీద కట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక మెషిన్‌లో చాలా వర్చువల్ మెషిన్లు నడపడానికి. దాని ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) డౌన్‌లోడ్ చేసి రూఫస్ అనే ఉచిత టూల్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాయండి. రూఫస్ అడిగినప్పుడు డీడీ మోడ్ ఎంచుకోండి, మామూలు మోడ్‌లో రాస్తే బూట్ అవ్వక బుర్ర వేడెక్కుతుంది. మెషిన్‌ని ఇంటి ఫైబర్ బాక్స్‌కి ల్యాన్ వైరుతోనే కలపండి, వైఫై మీద ఈ బ్రిడ్జిల (వర్చువల్ మెషిన్లని నెట్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్‌ల) వ్యవహారం నడవదు.

ఇన్‌స్టాలర్ ఐపీ అడుగుతుంది. మీ ఇంటి బాక్స్ 192.168.1.1 అయితే, అది ఫోన్లకి పంచే నెంబర్ల పరిధికి బయట ఒకటి ఇవ్వండి, నేను 192.168.1.250 ఇచ్చాను. అయ్యాక లాప్‌టాప్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో ఆ ఐపీ, చివర కోలన్ 8006 కొట్టండి. సర్టిఫికెట్ బాలేదని బ్రౌజర్ హెచ్చరిస్తుంది, అది మీ మెషినే కాబట్టి ముందుకెళ్ళండి. రూట్ పేరుతో లాగిన్ అవ్వగానే సబ్‌స్క్రిప్షన్ లేదని ఒక బాక్స్ వస్తుంది, ఓకే కొట్టండి, పనికి అడ్డేమీ కాదు. అప్‌డేట్లు రావాలంటే రిపాజిటరీస్‌లోకి వెళ్ళి ఎంటర్‌ప్రైజ్‌ది ఆపి, నో సబ్‌స్క్రిప్షన్‌ది కలపండి.

ఇంటి నెట్‌నీ ల్యాబ్‌నీ విడదీయండి

ఇది మొత్తంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది. ప్రాక్స్‌మాక్స్ మీకు వీఎంబీఆర్0 అని ఒక బ్రిడ్జి తయారుచేసి ఇస్తుంది. అది మీ ల్యాన్ వైరుకి, అంటే మీ ఇంటి నెట్‌కి కలిసి ఉంటుంది. దాని మీద పెట్టిన వర్చువల్ రౌటర్ మీ ఇంట్లో నిజంగా ఇంకో రౌటర్ తెచ్చి గుచ్చినట్టే.

నేను మొదట్లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రౌటర్ సాఫ్ట్‌వేర్‌ని ఒక వర్చువల్ మెషిన్‌గా పెట్టి, ఏమీ ఆలోచించకుండా దాని మొదటి పోర్టుని వీఎంబీఆర్0 మీదే వదిలేశాను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లేవగానే తన మొదటి పోర్టుని ల్యాన్ అనుకుంటుంది, 192.168.1.1 నాదే అంటుంది, అడిగినవాళ్ళందరికీ ఐపీలు పంచడం మొదలుపెడుతుంది. మా ఇంటి ఫైబర్ బాక్స్‌దీ అదే నెంబరు. పావుగంటలో హాల్లో నాన్న చూస్తున్న మ్యాచ్ ఆగిపోయింది, అమ్మ ఫోన్‌లో వైఫై గుర్తు ఉంది గానీ నెట్ లేదు. నాన్న కేబుల్ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేస్తే, ఎండలో లైన్‌మ్యాన్ వచ్చి ఫైబర్ కొన తుడిచి, బాక్స్ రీసెట్ చేసి, సిగ్నల్ బాగానే ఉందండీ అని తల గోక్కుంటూ వెళ్ళాడు. నాకు అప్పటికీ వెలగలేదు. సాయంత్రం నా మెషిన్ ఆపాక ఇల్లంతా నెట్ వచ్చింది, అప్పుడు అర్థమైంది. ఆ లైన్‌మ్యాన్‌కి మర్నాడు ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

కాబట్టి వేరే బ్రిడ్జి ఒకటి తయారుచేయండి. ఎడమవైపు మీ నోడ్ (అంటే ఈ మెషిన్) పేరు మీద నొక్కి, సిస్టమ్, నెట్‌వర్క్, క్రియేట్, లైనక్స్ బ్రిడ్జి. పేరు వీఎంబీఆర్1. ఐపీ ఖాళీగా వదిలేయండి, బ్రిడ్జ్ పోర్ట్స్ అనే గడి కూడా ఖాళీగానే వదిలేయండి. ఆ గడిలో ఏమీ లేకపోవడమే మనకి కావాల్సింది, ఆ బ్రిడ్జికి బయటి లోకంతో వైరు ఉండదు. వీల్యాన్ అవేర్ అన్నచోట టిక్ పెట్టి, పైన అప్లై కాన్ఫిగరేషన్ నొక్కండి. ఆ బటన్ నొక్కకపోతే తయారుచేసినట్టు కనిపిస్తుంది గానీ పనిచేయదు. ల్యాబ్‌లో రౌటర్ల మధ్య లింకులన్నీ దీని మీదే, ఒక్కో లింకుకి ఒక్కో వీల్యాన్ ట్యాగు, అంటే ఒకే బ్రిడ్జి మీద ఒక లింకు ఇంకోదాంతో కలవకుండా విడదీసే నెంబరు. రెండో నెట్‌వర్క్ కార్డు కొనాలా అని అడుగుతారు, ఈ పనికి అక్కర్లేదు.

రౌటర్లు ఎక్కించడం

నేను వాడింది రౌటర్ల కంపెనీ మైక్రోటిక్ వాళ్ళ సీహెచ్‌ఆర్, అంటే వర్చువల్ మెషిన్ల కోసం తయారుచేసిన వాళ్ళ రౌటర్ సాఫ్ట్‌వేర్ రౌటర్‌ఓఎస్. ఒక్కోదానికి 256 ఎంబీ ర్యామ్ చాలు, కాబట్టి నాలుగింటికీ కలిపి 1 జీబీ. ఉచిత లైసెన్సుకి గడువు లేదు, కానీ ఒక్కో పోర్టు నుంచి 1 ఎంబీపీఎస్ కన్నా ఎక్కువ బయటికి పంపనివ్వదు. నేర్చుకోవడానికి ఆ స్పీడు ధారాళం. ఇంకో కారణం కూడా ఉంది, మన దగ్గర చిన్న చిన్న నెట్ ఆపరేటర్ల దగ్గర పనికి వెళ్తే అక్కడ చేతికొచ్చేది చాలాసార్లు మైక్రోటిక్కే.

రా డిస్క్ ఇమేజ్ డౌన్‌లోడ్ చేసి, లాప్‌టాప్‌లోనే జిప్ విప్పండి. వచ్చిన ఐఎంజీ ఫైలుని ప్రాక్స్‌మాక్స్‌లో లోకల్ స్టోరేజ్ కింద ఐఎస్‌ఓ ఇమేజెస్‌లోకి అప్‌లోడ్ చేసేయొచ్చు. తర్వాత క్రియేట్ వీఎం, నెంబరు 201 ఇవ్వండి. సీడీ వద్దు, డిస్కుల పేజీలో ఉన్నదాన్ని తీసేయండి, కోర్ ఒకటి, మెమరీ 256, నెట్‌వర్క్ వర్టియో, బ్రిడ్జి వీఎంబీఆర్0, ఫైర్‌వాల్ టిక్ తీసేయండి. ఇప్పుడు నోడ్ షెల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి ఒకే ఒక్క కమాండు: క్యూఎం, డిస్క్, ఇంపోర్ట్, ఆ తర్వాత 201, ఆ తర్వాత ఫైలు పూర్తి దారి, చివర లోకల్-ఎల్‌వీఎం, అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీలతో. అప్‌లోడ్ చేసిన ఫైలు వార్ ఫోల్డరులో లిబ్, అందులో వీజెడ్, అందులో టెంప్లేట్, అందులో ఐఎస్‌ఓ, అక్కడ ఉంటుంది. అయ్యాక 201 హార్డ్‌వేర్ పేజీలో అన్‌యూజ్డ్ డిస్క్ కనిపిస్తుంది, దాని మీద డబుల్ క్లిక్ చేసి వర్టియో బ్లాక్‌గా కలపండి. ఆప్షన్స్‌లో బూట్ ఆర్డర్‌లో దానికి టిక్ పెట్టడం మర్చిపోవద్దు.

ఇంకా ఆన్ చేయకండి. అదే పేజీలో ఇంకో రెండు నెట్‌వర్క్ కార్డులు వీఎంబీఆర్1 మీద కలపండి. ఇప్పుడు దీన్ని మూడుసార్లు ఫుల్ క్లోన్ చేయండి, 202, 203, 204. కాన్ఫిగర్ చేశాక క్లోన్ చేస్తే రౌటర్ ఐడీ (రౌటర్ గుర్తింపు నెంబరు) కూడా నాలుగింటికీ ఒకటే అయిపోయి, పక్కపక్కనే ఉండి కూడా ఒకదాన్నొకటి ఒప్పుకోవు. క్లోన్ ముందే, సెట్టింగులు తర్వాతే.

మన రైలు దారే మన ల్యాబ్

పుస్తకాల్లో ఆర్1, ఆర్2 అని ఇస్తారు. నాకు అవి గుర్తుండేవి కావు. మన దగ్గర చక్కటి రింగు ఒకటి ఉంది: విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ, అక్కడి నుంచి కోరాపుట్, అక్కడి నుంచి అరకు ఘాట్ దిగి కొత్తవలస, మళ్ళీ విజయనగరం. వానాకాలంలో ఘాట్‌లో కొండచరియలు పడితే కిరండూల్ బండిని విజయనగరం, రాయగడ మీదుగా మళ్ళిస్తారు కదా, రౌటర్లు తమలో తాము దారులు వెతుక్కునే పద్ధతి ఓఎస్‌పీఎఫ్ చేసే పని అచ్చంగా అదే. అందుకే 201 విజయనగరం, 202 రాయగడ, 203 కోరాపుట్, 204 కొత్తవలస.

లింకులకి ట్యాగులు ఇవి (ప్రాక్స్‌మాక్స్‌లో ఆయా నెట్‌వర్క్ కార్డు వీల్యాన్ ట్యాగ్ గడిలో వేయాలి): విజయనగరం, రాయగడ మధ్య 101, రాయగడ, కోరాపుట్ మధ్య 102, కోరాపుట్, కొత్తవలస మధ్య 103, కొత్తవలస, విజయనగరం మధ్య 104. ప్రతి రౌటర్‌లో ఈథర్1 ఇంటి నెట్ వైపు, కేవలం మనం లోపలికి వెళ్ళడానికి. ఈథర్2 రింగులో ముందు ఊరికి, ఈథర్3 వెనక ఊరికి. అంటే విజయనగరం ఈథర్2కి 101, ఈథర్3కి 104, రాయగడ ఈథర్2కి 102, ఈథర్3కి 101, అలా. ప్రాక్స్‌మాక్స్‌లో నెట్0 అంటే ఈథర్1, నెట్1 అంటే ఈథర్2, ఆ తేడా గుర్తుంచుకోండి. ఒక కాగితం మీద గీసి గోడకి అంటించుకోండి, నాది ఇప్పటికీ ఉంది.

ఐపీల్లో మూడో అంకె ట్యాగే: 10.10.101.0/30, 10.10.102.0/30, ఇలా నాలుగు. ఈథర్2 వైపు వాడికి .1, ఈథర్3 వైపు వాడికి .2. దీనివల్ల పింగ్ (అవతలివాడు పలుకుతున్నాడా అని చూసే పరీక్ష) పోయినప్పుడు ఐపీ చూడగానే ఏ లింకో తెలిసిపోతుంది.

ఒక్కో మెషిన్ ఆన్ చేసి, లాప్‌టాప్‌లో విన్‌బాక్స్ (మైక్రోటిక్ రౌటర్లలోకి వెళ్ళే ప్రోగ్రామ్) తెరిస్తే నైబర్స్‌లో కనిపిస్తుంది. నాలుగూ ఒకేసారి ఆన్ చేస్తే అన్నీ ఒకే పేరుతో వస్తాయి, ఒక్కోటి చేసుకుంటూ వెళ్ళండి. అడ్మిన్ పేరు, పాస్‌వర్డ్ ఖాళీ. వెంటనే పాస్‌వర్డ్ పెట్టండి, ల్యాబే కదా అని వదిలేయొద్దు. సిస్టమ్, ఐడెంటిటీలో ఊరి పేరు పెట్టి, ఐపీలు ఇచ్చి, ఒక ఖాళీ బ్రిడ్జి తయారుచేసి లూప్‌బ్యాక్ అని పేరు పెట్టి, ఏ లింకు పోయినా ఆరని ఆ ఊరి సొంత అడ్రసుగా దానికి 10.255.0.1/32 ఇవ్వండి, మిగతా ఊళ్ళకి .2, .3, .4.

తర్వాత రౌటింగ్, ఓఎస్‌పీఎఫ్. ఇన్‌స్టాన్స్ ఒకటి, అందులో రౌటర్ ఐడీ ఆ ఊరి లూప్‌బ్యాక్ ఐపీనే. ఏరియా ఒకటి, 0.0.0.0. ఇంటర్‌ఫేస్ టెంప్లేట్స్‌లో ఈథర్2కి ఒకటి, ఈథర్3కి ఒకటి, టైప్ పీటీపీ, లూప్‌బ్యాక్‌కి ప్యాసివ్ టిక్‌తో ఒకటి. ఈథర్1ని మాత్రం ఇందులో కలపొద్దు. కలిపితే నాలుగు ఊళ్ళూ మీ ఇంటి నెట్ మీద నేరుగా పక్కపక్కన నిలబడిపోతాయి, రింగు మీద మీరు పడ్డ కష్టమంతా వృథా, ఏ లింకు తెంపినా ఏమీ మారదు.

కాస్టులు (మొత్తం తక్కువైన దారినే ఓఎస్‌పీఎఫ్ ఎంచుకుంటుంది) రెండు వైపులా ఒకేలా ఇవ్వండి: 101కి 10, 104కి 10, 102కి 30, ఘాట్ లింకు 103కి 40. నైబర్స్ పేజీలో ప్రతి రౌటర్‌కీ రెండేసి ఫుల్ అని, అంటే పక్క రౌటర్లతో పూర్తిగా కలిసిందని కనిపించాలి. కనిపించగానే నాలుగింటికీ ప్రాక్స్‌మాక్స్‌లో స్నాప్‌షాట్ తీసుకోండి. ఇక ఎంత చెడగొట్టినా రెండు క్లిక్కుల్లో ఇక్కడికి తిరిగి రావచ్చు.

ఇప్పుడు చెడగొట్టండి

కొత్తవలస నుంచి కోరాపుట్ లూప్‌బ్యాక్‌కి ట్రేస్‌రూట్ (ఏ దారిలో వెళ్తుందో చూపించే కమాండు) కొట్టండి, నేరుగా ఘాట్ ఎక్కుతుంది, ఎందుకంటే అటు 40, చుట్టూ తిరిగితే 10, 10, 30 కలిపి 50. ఘాట్ కాస్టు రెండు చివర్లా 60 చేసి మళ్ళీ కొట్టండి, విజయనగరం, రాయగడ మీదుగా వెళ్తుంది. వైరు ఏదీ తెగలేదు, ఒక అంకె మారిందంతే. సరిగ్గా 50 చేస్తే రెండు దారులూ సమానమవుతాయి, అప్పుడు రూట్ టేబుల్ తెరిచి చూడండి. చూశాక మళ్ళీ 40కి మార్చేయండి.

తర్వాత కొత్తవలస నుంచి 10.255.0.1కి ఆగకుండా పింగ్ పెట్టండి, సోర్స్ అడ్రస్ 10.255.0.4 అని ఇచ్చి. పింగ్ నడుస్తుండగా ప్రాక్స్‌మాక్స్‌లో విజయనగరం నెట్2 తెరిచి డిస్‌కనెక్ట్ టిక్ పెట్టండి. ఒకటో రెండో పింగులు పోయి మళ్ళీ అందుకుంటుంది, ట్రేస్‌రూట్ కొడితే కోరాపుట్, రాయగడ తిరిగొస్తుంది. ఇప్పుడు కొత్తవలస నైబర్స్ చూడండి, విజయనగరం ఇంకా ఫుల్ అనే చూపిస్తుంటుంది. మధ్యలో బ్రిడ్జి ఉంది కాబట్టి కొత్తవలస పోర్టు ఆరలేదు, అవతలివాడు పోయాడని దానికి నేరుగా తెలియదు. విజయనగరం మాత్రం తన లింకు పోయిందన్న కబురు రాయగడ వైపు నుంచి పంపించింది, ఆ కబురు విని కొత్తవలస దారి మార్చుకుంది.

అదే ఎవరికీ తెలియకుండా లింకు చచ్చిపోతే? డిస్‌కనెక్ట్ టిక్ తీసేసి, అంతా మామూలయ్యాక, విజయనగరంలో ఐపీ, ఫైర్‌వాల్, రా పేజీలో ప్రీరౌటింగ్ చెయిన్, ఇన్ ఇంటర్‌ఫేస్ ఈథర్3, యాక్షన్ డ్రాప్ అని రూలు పెట్టండి. పోర్టు పచ్చగానే ఉంటుంది, లోపలికి వచ్చేదంతా మాయమవుతుంది. ఇప్పుడు వాచీ చూడండి. పింగులు వరసగా పోతూనే ఉంటాయి, ముప్పై సెకన్లు దాటి నలభై వరకూ. హలో (నేనున్నానని పక్కవాడికి పంపే కబురు) 10 సెకన్లకొకటి, డెడ్ ఇంటర్వెల్ 40, అంతసేపూ ఎదురుచూశాక గానీ పక్కవాడు పోయాడని ఒప్పుకోదు. నేను ఈ అంకెలు ఎన్నోసార్లు చదివి ఉంటాను, ఆ నలభై సెకన్లు తెర మీద ఒక్కో టైమౌట్ చూస్తూ కూర్చున్న రోజే అవి నాకు నిజంగా ఎక్కాయి. రూలు తీసేసి, ఆ లింకుకి రెండు వైపులా హలో 1, డెడ్ 4 చేసి మళ్ళీ ప్రయత్నించండి. ఒక వైపే మార్చి కూడా చూడండి, అసలు పక్కపక్కన నిలబడనే నిలబడవు.

ఇంకొకటి ఎంటీయూ, అంటే ఒక్క ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండొచ్చో చెప్పే హద్దు. రాయగడ ఈథర్2కి 1400 పెట్టి, కోరాపుట్‌ది 1500 వదిలేసి, ఆ లింకుని ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి. పింగ్ బ్రహ్మాండంగా వెళ్తుంది, నైబర్ మాత్రం ఫుల్ అవ్వక ముందే ఎక్స్‌స్టార్ట్ అనే దశ దగ్గర ఇరుక్కుంటుంది. పింగ్ వెళ్తోంది కదా, లింకు బాగానే ఉందనుకుని మిగతావన్నీ వెతుకుతారు. ఉద్యోగంలో ఇది తగిలినప్పుడు ఆ ఒక్క మాట చూసి ఎంటీయూ దగ్గరికి వెళ్ళగలిగితే మీకు బోలెడు సమయం మిగులుతుంది.

ఇవన్నీ అయ్యాక ఇలాంటి ఆసక్తే ఉన్న ఫ్రెండుని ఇంటికి పిలవండి. మీరు బయటికెళ్ళి టీ తాగి వచ్చేలోపు నాలుగు ఊళ్ళల్లో ఎక్కడో ఒకచోట ఒక్కటంటే ఒక్క సెట్టింగు మార్చమనండి, ఏం మార్చాడో కాగితం మీద రాసి మడిచి జేబులో పెట్టుకోమనండి. మీరొచ్చి ఆ కాగితం అడక్కుండా పట్టుకోవాలి. దొరికాక కుర్చీలో వాణ్ణి కూర్చోబెట్టి, ఈసారి మీరు మార్చండి.